ఉప్పునీటి తొట్టి

మంచినీటి తొట్టిలో రెండేండ్లు చేపలను పెంచిన వానికి సముద్రపు చేపలపై మనసు పోవుట సహజము. నాకును పోయినది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణము కలుపుట కష్టము కాదు, వేచియుండుటయే కష్టము. చేపలు విసర్జించు అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో నెలకొనుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు వట్టి నీటిని చూచుచు కూర్చుండు ఓర్పు మనలో ఎందఱికి కలదు? "ఒక్కదానిని వేసి చూతము" అనుకొంటిని. మూడవనాడు అది చచ్చినది. నా తొందరపాటునకు వెల నేనే చెల్లించితినని చాలకాలము భ్రమపడితిని.

అంతకంటె పెద్ద ప్రశ్న వేఱొకటి కలదు. మంచినీటి అలంకారపు చేపలలో పెక్కు పెంపకపు చెఱువులలో పుట్టినవే. సముద్రపు వానిలో అధికభాగము నేటికిని పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవి. ఫిలిప్పీన్సు దీవులలో 1960ల నుండి కొందఱు సయనైడు చల్లి, చేపలకు మత్తు కలిగించి పట్టుచు వచ్చిరి. ఆ విషమువలన పగడపు జీవులును చచ్చును. క్లౌను చేప వంటి కొన్నిటిని మాత్రము తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి పెంచుచున్నారు.

ఈ సంగతి తెలిసిన పిదప దుకాణమునకు పోయి, వెల అడుగక, "ఈ చేప యెక్కడ పుట్టినది?" అని అడిగితిని.

"సముద్రములో పుట్టక మఱెక్కడ పుట్టునండీ!" అని అతడు నవ్వెను.

మా తొట్టిలో ఇప్పటికిని నీరు మాత్రమే యున్నది.