జొన్న, సజ్జ, నేను

మా కుక్కపిల్లలు జొన్ననూ సజ్జనూ విడదీయమంటున్నారు. ఒకే తల్లి పిల్లలు రెండింటిని ఒకేసారి తెచ్చి పెంచితే వాటికి ఒకదానికొకటే లోకమైపోతుందట. మనిషి మాట చెవికెక్కదట. ఒకటి కనబడకపోతే రెండోది ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుందట. దీనికి ఇక్కడి ట్రైనర్లు లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అని పేరు పెట్టుకున్నారు. పశువైద్యులు తేల్చిన జబ్బు కాదిది, అనుభవంలోంచి పుట్టిన మాట. మందు మాత్రం ఖాయంగా చెబుతారు: వేరు క్రేట్లు, వీలైతే వేరు గదులు, తిండి విడిగా, నడక విడిగా. పగలు మేమిద్దరం ఉద్యోగాలకు పోతే పిల్ల ఒక్కతే బెంగపెట్టుకుంటుందనే కదా రెండు తెచ్చింది! ఒంటరితనం ఉండకూడదని తెచ్చినవాటికి నా మీద మచ్చిక కలగాలంటే ముందు వాటిని ఒంటరి చెయ్యాలి. ఇది నాకు మింగుడుపడడం లేదు.

మిగతా సర్దుబాట్ల మీద నాకు పేచీ లేదు. హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో మాది చిన్న పెరడు. నేల అచ్చం మన నల్లరేగడి. వానకి బంక, ఎండకి నెర్రెలు. ఇక్కడివాళ్లు గంబో అంటారు. గోంగూర, బెండ మడుల చుట్టూ జాలీ కట్టాం. ఎరువుగా వేసే ఎముకల పొడి వాసనకి మట్టంతా తోడేస్తాయని దాన్ని మానేశాం. పూజకి పూలిచ్చే గన్నేరుని వేళ్లతో సహా తీసేశాను. సుమారు ఎనభై మైళ్ల అవతల గాల్వెస్టన్‌కి గన్నేరు నగరమనే పేరుంది. 1900 తుఫానులో కొట్టుకుపోయిన ఊరిని మళ్లీ నిలబెట్టుకుంటూ ఆ మొక్కలు విరివిగా నాటుకున్నారు. అంత అందం, ఆకు నుంచి పువ్వు దాకా విషం, నేరుగా గుండె మీదికి పోతుంది. సాగో పామ్ కాలేయాన్ని తినేస్తుంది కనక అదీ పోయింది. వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి, కిస్మిస్ నేల మీద పడకూడదు. ఈ జాబితా ఫోన్లో చదివితే అమ్మ నవ్వింది. "మన రాజుగాడు ఉల్లిపాయ పులుసన్నమే తిని బతికాడు కదరా, వాడికేమైంది?" నా దగ్గర జవాబు లేదు.

రాజుగాడు మా ఊరి కుక్క. తెనాలి దగ్గర ఆ పల్లెలో మా గడ్డివాము కింద వాడి తల్లి పిల్లల్ని పెట్టింది. పిల్లకాయలం తలా ఒకదాన్ని పంచుకుని, మెడకి గోనెతాడు కట్టి, ఇది నాదంటే నాదని ఎవరింటికి వాళ్లం పట్టుకుపోయాం. చీకటి పడ్డాక తల్లి వచ్చింది. ఎవరి మీదా మొరగలేదు, కరవలేదు. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, మెడ పట్టుకుని, ఒక్కొక్క పిల్లనే మళ్లీ వాము కిందికి చేర్చింది. తెల్లారి మేం మళ్లీ తెచ్చుకున్నాం, రాత్రికి అది మళ్లీ పట్టుకుపోయింది. పెద్దవాళ్లకి ఇదో వినోదం. మా తాతయ్య మాత్రం, "దాని లెక్క దానికుందిరా, మీకే లెక్క రాలేదు" అన్నాడు. పాలు మరిచేదాకా ఆ ఆట సాగింది. పెరిగాక రాజుగాడు మధ్యాహ్నం మా ఇంట్లో, రాత్రి ఎదురింట్లో తిని, రైసుమిల్లు అరుగు మీద పడుకునేవాడు. వీధిలో ప్రతివాళ్లూ వాణ్ని మా కుక్క అనేవాళ్లే. మేం తెనాలికి మారిన రోజు బస్సు వెనక కాలవ వంతెన దాకా పరిగెత్తుకొచ్చాడు. ఎంత విశ్వాసమో చూడమని అమ్మ ఇప్పటికీ కళ్లొత్తుకుంటుంది. వంతెన దగ్గర వాడు వెనక్కి తిరిగిన సంగతి ఎప్పుడూ చెప్పదు. వాడికో వీధి ఉంది. వాడి జాతివాళ్లున్నారు. మా కోసం అదంతా వదులుకోవాల్సిన గతి వాడికి పట్టలేదు.

ధర్మరాజు కుక్క కథ చెప్పి నా నోరు మూయించకండి. ఆ కుక్క కుక్కే కాదు, వేషం వేసుకొచ్చిన పరీక్షాధికారి. దానికి తల్లి లేదు, తోబుట్టువులు లేరు. మనం మెచ్చుకునే విశ్వాసం ఎప్పుడూ ఇలా ఎవరూ లేనివాటి దగ్గరే దొరుకుతుంది. నాకు నచ్చే కుక్క భారతం మొదట్లోనే ఉంది: తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్లు ఊరికే కొడితే, సరాసరి రాజు దగ్గరికొచ్చి ఏం తప్పు చేసిందని నిలదీసిన సరమ.

ఇలాగే వాదించుకుంటూ పోతే పిల్లల్ని తల్లి దగ్గరే వదిలెయ్యాలి. అదీ కుదరదు. మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ కుక్కపిల్లల్ని ఎత్తైన కంచె ఉన్న పొలాల్లో మనుషుల పొడ లేకుండా పెంచి చూశారు. 1961లో సైన్స్ పత్రికలో వేశారు. 14 వారాల దాకా మనిషినెరగని పిల్లలు అడవి జంతువుల్లా మనుషుల్ని చూసి పారిపోయాయి. మధ్యలో ఒక్క వారం మనుషుల దగ్గర పెట్టినవాటిలో ఏడు వారాల వయసప్పుడు తెచ్చినవి బాగా మచ్చికయ్యాయి. నేను పట్టుకున్నది ఇంకో ముక్క. ఆ వారం అయ్యాక వాటిని మళ్లీ పొలంలోకి, తోటి పిల్లల మధ్యకే పంపేశారు. అయినా మనిషిని మరిచిపోలేదు. మరి తోబుట్టువు పక్కన ఉంటే మచ్చిక చెడుతుందన్న భయం ఎక్కడిది?

ఇదే ఫిర్యాదు మా మీదా ఉంది. ఆఫీసులో ఒకాయన నవ్వుతూనే అన్నాడు, మీవాళ్లంతా మీలో మీరే ఉంటారని. కేటీలో కొన్ని వీధులు చూస్తే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గుమ్మాలకి మామిడాకులు, గరాజుల్లో పచ్చళ్ల జాడీలు. ఆ రోజు ఒళ్లు మండింది. పదిమంది తెలుగువాళ్లున్న విందులో పక్కింటి అమెరికన్ వస్తే నేను ఎన్ని మాటలాడతానో నాకు తెలుసు కనక, ఇంకా మండింది.

సజ్జని ఒక్కదాన్నే నడకకి తీసుకెళ్లినప్పుడు నా వాదానికి గండి పడింది. జొన్న పక్కనుంటే దాని వెనక నక్కి తోక ముడిచే సజ్జ, ఒంటరిగా కాసేపు వణికి, తర్వాత ఎదురింటి ముసలాయన బూట్లు వాసన చూసి, ఆయన చెయ్యి నాకింది. జొన్న ఉన్నంతసేపూ ఆ పని జొన్నే చేసేస్తుంది. అంటే ట్రైనర్లు చెప్పేదాంట్లో సగం నిజం. కానీ సజ్జకి ఆ ధైర్యం ఒంటరితనం ఇచ్చిందా, ఇంటికెళ్తే జొన్న ఉంటుందన్న భరోసా ఇచ్చిందా? సజ్జని అడిగి తెలుసుకునేది కాదు.

కాబట్టి నడక విడిగా, పాఠాలు విడిగా. పడక మాత్రం ఒక్క క్రేట్లోనే. కొన్న రెండో క్రేట్ వెనక్కి ఇచ్చేశాను. దానివల్ల అవి నన్ను కాస్త తక్కువ పట్టించుకుంటే, పట్టించుకోనీ.