గడ్డిలో రాయి ఎవరిది?

ఆర్‌సీ విమానాలు నడిపేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎగరెయ్యడం పెద్ద విద్యేమీ కాదు. గాలికి ఎదురుగా పట్టుకుని, మోటారు వేగం పెంచి, చెయ్యి ముందుకు విసిరితే చాలు, బరువు సరిగ్గా తూగిన మోడల్ ఏదైనా పైకి లేస్తుంది. పైన ఉన్నంతసేపూ పొరపాటు జరిగినా దిద్దుకోవడానికి కింద బోలెడు గాలి ఉంటుంది. కష్టమంతా దింపడంలోనే. అందులోనూ మన దగ్గర, రన్‌వే అన్నది లేని చోట, మోకాలెత్తు గడ్డిలో దింపడం.

ఈ వ్యాసం ఆ దింపడం గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దింపిన తరవాత మనం చెప్పే తీర్పు గురించి. విమానం చక్కగా దిగితే "బాగా దింపాడు" అంటాం. తిరగబడితే "దింపడం రాలేదు" అంటాం. రెండు వాక్యాల్లోనూ కర్త మనిషే. గడ్డికీ, అందులో దాక్కున్న రాయికీ ఆ వాక్యాల్లో చోటు లేదు. అవి లేకుండా చెప్పిన తీర్పు న్యాయమేనా?

*

విశాఖపట్నంలో ఈ సరదా ఉన్నవాళ్ళు ఊరు దాటి పోవాల్సిందే. ఊరి నడుమ నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగా, దాంతోపాటే పౌర విమానాశ్రయం. ఆ చుట్టుపక్కలే పోర్టు, రిఫైనరీ, కొంచెం అవతల స్టీల్‌ప్లాంటు. 2021 డ్రోన్ నియమాలు మన బొమ్మ విమానాలకీ వర్తిస్తాయి. ఇరవై అయిదు కిలోలు మించకుండా, చదువుకో సరదాకో, కంటికి కనిపించేంత దూరంలోనే నడిపేవాటిని ఆ నియమాలు 'మోడల్' అని విడిగా నిర్వచించి టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయించాయి. కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యొచ్చని కాదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటాలంటే అనుమతి కావాలి. ఆ అవతల, ఆకుపచ్చ మండలంలో, 400 అడుగుల దాకా అక్కర్లేదు. అందుకని మ్యాపు చూసుకుని ఆనందపురం వైపో, పద్మనాభం వైపో, సబ్బవరం వైపో బయల్దేరతాం.

అక్కడ దొరికే మైదానం సాధారణంగా అమ్ముడుపోని లేఅవుట్. ఒకప్పుడు మెట్టపొలం. ఎవరో కొన్నారు, ముందు ఆర్చి కట్టారు, ప్లాట్లు కొలిచి మూలమూలనా సరిహద్దు రాళ్ళు పాతారు, ఆ తరవాత రావడం మానేశారు. రెండు వానలు పడేసరికి గడ్డి ఏపుగా పెరిగి రాళ్ళని మింగేస్తుంది. పాత పొలంగట్లు అక్కడక్కడా మిగిలే ఉంటాయి. పుట్టలుంటాయి, తుమ్మమొక్కలుంటాయి. లేఅవుట్ రోడ్డు మీదే దింపొచ్చు కదా అంటారా? దాని వెంబడే కరెంటు స్తంభాలు, వాటికి తీగలు.

ఇలాంటి చోట దింపడానికి కొన్ని పద్ధతులున్నాయి. ముందు చక్రం ఉన్న మోడల్ కంటే తోక చక్రం ఉన్నది మేలు. ముందు చక్రం గడ్డిలో చిక్కుకుంటే ముక్కు నేలకు గుచ్చుకుంటుంది. చక్రాలు పెద్దవై ఉండాలి, లేదంటే అసలు చక్రాలే తీసేసి పొట్ట మీద దింపెయ్యాలి. మధ్యాహ్నం దాటాక ఇక్కడ గాలి సముద్రం మీంచి వీస్తుంది కాబట్టి సముద్రం వైపు ముఖం పెట్టి దిగాలి. నేల దగ్గరపడ్డాక మోటారు దాదాపు ఆపేసి, ముక్కు కొద్దికొద్దిగా పైకెత్తుతూ, ఇక రెక్కలు మొయ్యలేని స్థితికి వచ్చేసరికి గడ్డి కొసల మీద ఉండేలా చూసుకోవాలి. ఇదంతా సాధనతో వస్తుంది. సాధనతో రానిది ఒక్కటే, గడ్డి కింద ఏముందన్నది.

ఒక సాయంత్రం ఆనందపురం దాటాక ఒక లేఅవుట్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఎగరేస్తుంటే చూస్తున్నాను. సన్‌ప్యాక్ షీటుతో ఇద్దరూ కలిసి కోసి అతికించుకున్న రెండు విమానాలు, ఒకే డిజైన్. ఒకడి తరవాత ఒకడు ఒకే దారిలో, ఒకే వేగంతో దింపారు. మొదటిది గడ్డిని దువ్వుకుంటూ వెళ్ళి ఆగింది. రెండోది దానికి మీటరు ఎడంగా దిగి సరిహద్దు రాయికి కొట్టుకుని, మోటారు ఊడి, పల్టీ కొట్టింది. మొదటివాడికి చప్పట్లు. రెండోవాడికి సలహాలు. స్పీడెక్కువైందిరా అని ఒకడు, ఎలివేటర్ ముందే లాగాల్సింది అని ఇంకొకడు. ఆ సలహాలన్నీ మొదటివాడికీ అంతే వర్తిస్తాయని ఎవరూ అనలేదు.

*

ఈ చిక్కుకి తత్వశాస్త్రంలో ఒక పేరుంది: నైతిక అదృష్టం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఇదే శీర్షికతో చెరొక వ్యాసం రాశారు. నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి తాగి కారు నడిపేవాడిది. కారు అదుపు తప్పి ఫుట్‌పాత్ ఎక్కుతుంది. అక్కడ ఎవరూ లేకపోతే అది చిన్న తప్పు. ఎవరైనా ఉంటే ప్రాణం తీసినవాడవుతాడు. రెండు సందర్భాల్లోనూ అతను చేసింది ఒక్కటే. మనిషి తన అధీనంలో ఉన్నదానికే బాధ్యుడని మనం నమ్ముతాం. కానీ తీర్పు చెప్పేటప్పుడు అతని అధీనంలో లేనివాటిని కూడా లెక్కలో వేస్తాం. 

దీన్నుంచి తప్పించుకోవడానికి చాలామంది పట్టుకునే దారి ఒకటుంది. ఫలితాన్ని వదిలేసి, ఉద్దేశాన్నే చూడాలంటారు. కాంట్ 1785లో అన్నదాని సారం ఇదే: సత్సంకల్పం ఏ ఫలితాన్నీ సాధించలేకపోయినా దాని విలువ తరగదు. మనవాళ్ళయితే గీతని అడ్డం పెట్టుకుంటారు. పని చెయ్యడమే నీ చేతిలో ఉంది, ఫలం నీది కాదు అని. వినడానికి బాగుంటుంది. కానీ గడ్డిమైదానంలో ఈ మాటని నేనెక్కువగా విన్నది, మైదానం చూసుకోకుండా ఎగరేసినవాళ్ళ నోటే. "నా అప్రోచ్ పర్ఫెక్ట్, రాయుంటే నేనేం చేస్తాను?" అంటారు.

ఏం చెయ్యొచ్చో ఆ సాయంత్రమే తెలిసింది. మేకలు తోలుకుంటూ అటుగా వచ్చిన ఒక తాత విరిగిన విమానాన్ని చూసి అన్నాడు: "అటేపు ఎల్లకండి బావూ, గడ్డిలో రాళ్ళున్నాయి. మొన్న నా మేకపిల్ల కాలు ఇరిగిపోనాది." రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో అతను కర్రతో తట్టి చూపించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతవరకూ మేం 'అదృష్టం' అనుకున్నది ఒక మనిషికి రోజూ తెలిసిన విషయం. ఎగరేసే ముందు మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచినా, లేదా అతన్ని ఒక్క మాట అడిగినా, మాకూ తెలిసేది.

కాబట్టి ఆ ఇద్దరు కుర్రాళ్ళ గురించి సరైన తీర్పు: ఇద్దరూ నడవలేదు. ఒకడు బతికిపోయాడు. అంతే. ఫలితాన్ని బట్టి కాదు, రాయికి కొట్టుకున్న ఆ క్షణాన్ని బట్టీ కాదు, అంతకుముందు ఇంకా చెయ్యగలిగినవి ఉన్నప్పుడు ఏం చేశారన్నదాన్ని బట్టి వాళ్ళని చూడాలి. ఎత్తు ఉన్నంతసేపూ వద్దనుకుని మళ్ళీ పైకి లేపి ఇంకో చుట్టు తిప్పొచ్చు. నేలకి రెండడుగుల ఎత్తులో ఆ వీలు లేదు. బాధ్యత అనేది ప్రమాదం జరిగిన చోట వెతికితే దొరకదు. అది చాలా వెనక ఉంటుంది.

విమానాల చరిత్ర కూడా ఈ నడక చరిత్రే. రైట్ సోదరులు మొదట కిట్టీ హాక్‌ని ఎంచుకోవడానికి కారణం అక్కడి గాలి ఒక్కటే కాదు, పడితే మెత్తగా ఉండే ఇసుక కూడా. 1904లో డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయరీ అనే పశువుల బీడుకి మారాక, ఎగిరే ముందు ఆవుల్నీ గుర్రాల్నీ పక్కకి తోలుకునేవాళ్ళు. మన బీచ్‌రోడ్డులో 2017 నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానానిదీ అదే కథ. ఆ రకం విమానాలు నౌకాదళంలో 29 ఏళ్ళు, ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు పైలట్ సీటు దగ్గర ఫొటోలు దిగుతారు. కానీ ఎయిర్‌బేస్‌లలో సిబ్బంది వరసగా రన్‌వే మీద నడుస్తూ చిన్న రాయి, ఊడిన బోల్టు కనిపించినా ఏరేసే పద్ధతొకటుంది. ఆ 30 వేల గంటల్లో ఇలాంటి నడకలకీ వాటా ఉంది. దానికి ఫొటో ఉండదు.

*

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం ఒక మోటివేషన్ ప్రసంగం అయిపోతుంది. ముందుగా సిద్ధపడు, అదృష్టం నీ వెంటే ఉంటుంది అని. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. రెండు కారణాలు.

మొదటిది, ఎంత నడిచినా కొన్ని రాళ్ళు మిగులుతాయి. విలియమ్స్ ఇంకో డ్రైవర్ గురించి రాశాడు. లారీ నడుపుతుంటే, తన తప్పేమీ లేకుండానే, ఒక పిల్లవాడు చక్రాల కింద పడతాడు. నీ తప్పు కాదని అందరం ఓదారుస్తాం, ఓదార్చాలి కూడా. కానీ అతను వెంటనే "అవును, నా తప్పు కాదు" అని భోజనానికి కూర్చుంటే మనకి ఎక్కడో గుచ్చుకుంటుంది. చేతులమీదుగా జరిగినదానికి, తప్పున్నా లేకున్నా, కొంత బరువు ఉంటుంది. మోడల్ విమానాలు కట్టేవాళ్ళు ఈ మిగిలిన బరువుకి కూడా చోటిచ్చారు. నేర్చుకునేవాళ్ళ విమానంలో రెక్కని బోల్టులతో బిగించరు, రబ్బరు బ్యాండ్లతో కడతారు. దెబ్బ తగిలితే రెక్క విరక్కుండా ఊడి పక్కకి పడుతుంది. నేను జాగ్రత్తగానే ఉంటాను, అయినా ఒకరోజు రాయి తగులుతుంది అని ముందే ఒప్పుకున్నవాడే అలా కట్టగలడు.

రెండో కారణం నాకు ఎక్కువ ముఖ్యం. అందరి నేలా ఒకలాంటిది కాదు. చదునైన తారు స్ట్రిప్ ఉన్న క్లబ్బులో నేర్చుకున్నవాడు వందసార్లు శుభ్రంగా దింపి, అదంతా తన చేతి మహిమే అనుకోవచ్చు. అతని కింద రోడ్‌రోలర్ నడిచిందన్న సంగతి అతనికి తట్టదు. మా ఐటీ కొలువుల్లో ఈ దృశ్యం రోజూ చూస్తాను. ఇంగ్లీషు మీడియం, కోచింగ్ సెంటర్, చదివించిన తల్లిదండ్రులు, ఇన్ని తొక్కి చదును చేసిన దారిలో దిగినవాళ్ళం "మెరిట్" అనే మాట ఎంత ధీమాగా వాడతామో! గడ్డిలో దిగి తిరగబడ్డవాడికి ఎలివేటర్ గురించి సలహా ఇస్తాం.

ఆ చదును కూడా ఊరికే రాదు. ఈ ఊళ్ళోనే చూడండి. 1933లో తెరిచిన పోర్టు లోపలి హార్బర్, సముద్రపు నీళ్ళు ఎక్కే చిత్తడిని తవ్వి చేసింది. స్టీల్‌ప్లాంటు కోసం 64 గ్రామాల నేల తీసుకున్నారు. ఆ ఊళ్ళవాళ్ళలో ఎంతోమంది ఆర్-కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలు చూశారు. ఉక్కునగరం మైదానాలు విశాలంగా, చదునుగా ఉంటాయి. వాటి మీద ఆడుకున్న పిల్లలది తప్పని అనను. కానీ ఆ నేల ఎవరిదో, దాన్ని చదును చెయ్యడానికి ఎవరు లేచి వెళ్ళారో తెలియకుండా తమ ఆట గురించి మాట్లాడితే, ఆ మాట సగమే నిజం.

కాబట్టి నేను రెండు కొలతలు పెట్టుకున్నాను, అవి సమానమైనవి కావు. నా గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న: నడిచానా? ఇతరుల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న: వాళ్ళకి దొరికిన నేల ఎలాంటిది? మనం మామూలుగా దీన్ని తిరగేసి వాడతాం. మనం పడితే నేలదీ, వాళ్ళు పడితే చేతిదీ తప్పంటాం. మా వృత్తిలో ఒక మంచి ఆచారముంది. సర్వర్ పడిపోతే ఎవరినీ నిందించకుండా, ఏం జరిగిందో ఒక పత్రం రాస్తాం. కానీ పడబోయి పడకుండా మిగిలిన రోజు గురించి ఎవరూ ఏదీ రాయరు. రాయికి మీటరు దూరంలో దిగిన కుర్రాడి గురించి కూడా ఒక పత్రం రాయాలి.

అయితే ఈ ఉదారతకి ఒక హద్దుంది. కిలోన్నర బరువున్న విమానం సెకనుకి 15 మీటర్ల వేగంతో వస్తుంటే దాని శక్తి సుమారు 170 జౌళ్ళు. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతిది 120. పైగా మన బంతికి ముందు తిరిగే ప్రొపెల్లర్ ఉంటుంది. హెల్మెట్ పెట్టుకున్న బ్యాట్స్‌మన్ ఆ బంతిని ఎదుర్కోవాలని తనే క్రీజులోకి వస్తాడు. మేకలు కాసుకునే తాత మన ఆటలోకి రాలేదు. విమానం లోపల మనం లేం కాబట్టి, తప్పు జరిగితే దెబ్బ తినేది విమానమో, అతనో. మనమైతే కాదు. గతుకుల నేల మీద ఎగరేస్తున్నాం, మాకింతకన్నా మంచి చోటు లేదు అన్న మాట మన విమానం విరిగినప్పుడు ఎంత చెల్లినా, అతనికి తగిలినప్పుడు పైసాకి చెల్లదు. అతను ఆ గడ్డిలో ఉన్నంతసేపూ పైనే తిప్పుతూ ఉండాలి. బ్యాటరీ అయిపోవస్తుంటే దూరంగా తుమ్మల్లో పడేసుకోవాలి.

గడ్డిలో రాయి ఎవరిది అంటే, పాతింది లేఅవుట్ యజమాని, కప్పింది వాన, దెబ్బ తిన్నది మేకపిల్ల, తెలిసినవాడు తాత. మనది కాని ఆ రాయి మీద మనకి ఒక్క పనే ఉంది. ఎగరేసే ముందు అదెక్కడుందో అడగడం, తెలిశాక వెనకొచ్చేవాడికి చెప్పడం. ఇప్పుడు ఆ లేఅవుట్‌లో తాత చూపించిన రాళ్ళ పక్కన కర్రలు పాతి ఉన్నాయి, కొసలకి ఎర్ర గుడ్డపీలికలు కట్టి. కట్టింది ఆ ఇద్దరు కుర్రాళ్ళే, చక్కగా దిగినవాడితో సహా.