విహితహింస

కర్నూలు, కడప మండలములందు పందికి గల స్థానము మిక్కిలి విచిత్రమైనది. ఎగువ అహోబిలమున, భవనాశినీ తీరమున, నవనారసింహులలో నొకడైన క్రోడనరసింహుడు వరాహముఖముతో పూజలందుచున్నాడు; దేవుని కడపలో తొలి మ్రొక్కు చెల్లించి తిరుమలకేగు భక్తుడు పుష్కరిణీ తీరమునందలి వరాహస్వామిని సేవించిన పిదపనే శ్రీనివాసుని సన్నిధికి బోవుట సంప్రదాయము; ఈ సీమ నేలిన బాదామి చాళుక్యులకును, విజయనగర ప్రభువులకును వరాహమే రాజలాంఛనము. అట్టి నేలమీదనే పందులను మేపి బ్రతుకు ఎరుకలవారు ఊరి వెలుపలి గుడిసెలలో కాలము గడపిరి. 1911 నాటి నేరస్థజాతుల చట్టము వారి నుదుట వేసిన ముద్ర స్వాతంత్ర్యానంతరము కాగితములనుండి తొలగినను, జనుల చూపులనుండి పూర్తిగా తొలగలేదు.

ఈ వైరుధ్యమును గూర్చి మన పెద్దలు అంతగా కలతపడినట్లు కానరాదు. అయితే 2020వ సంవత్సరమున అస్సాము, అరుణాచల ప్రదేశములందు ఆఫ్రికా పందిజ్వరము ప్రవేశించి పందులను వేలకొలదిగ కూల్చినది మొదలు, అంతకంటె కఠినమైన ధర్మసందేహమొకటి మన ముందు నిలిచియున్నది. కేంద్రప్రభుత్వము ఆ యేడే సిద్ధపరచిన కార్యప్రణాళిక ననుసరించి, వ్యాధి నిర్ధారణమైన చోటునకు 1 కిలోమీటరు పరిధిలో నున్న పందులను, రోగము గలవానిని లేనివానిని గూడ, వధింపవలెను. 10 కిలోమీటర్ల వఱకు నిఘా నుంచవలెను. 2022లో ఆ తెగులు దక్షిణమునకు దిగి కేరళలోని వయనాడును సోకినపుడు అచటను పందులను వధింపవలసివచ్చినది. జ్వరమెట్టిదో యెరుగని, తల్లిపాలైనను విడువని కూన, పొరుగు దొడ్డిలోని రోగము నిమిత్తముగ చచ్చుచున్నది. ఆ వధ పాపమా, కాదా? పాపమైనచో నెవ్వరిది?

పూర్వకర్మ యని చెప్పి ఊరకుండుట సులభము. కాని పశుయోని భోగయోనియే గాని కర్మయోని గాదని చెప్పిన శాస్త్రమే, ఆ భోగమును దానికి తెచ్చియిచ్చు మనుష్యునకు కర్తృత్వము లేదని చెప్పలేదు. ఇక క్రొత్త తెగులు వచ్చినపుడెల్ల, కందిమల్లాయపల్లెలో సమాధినొందిన వీరబ్రహ్మేంద్రస్వామిని తలచి, కాలజ్ఞానమున చెప్పినదే జరుగుచున్నదని మన పల్లెలలో ననుకొందురు. మాదిగ కక్కయ్యను, దూదేకుల సిద్ధయ్యను శిష్యులుగ స్వీకరించిన ఆ మహనీయుడు రాబోవు కీడును ముందుగ పలికినది, జనులు దానికి తలయొగ్గి కూర్చుండుటకని నేను నమ్మజాలను.

ఈ పందిజ్వరమును కలిగించు వైరసు నడచివచ్చిన దారిని పరికించినచో కర్త యెవడో తెలియును. కెన్యా దేశమున పనిచేసిన మాంట్‌గోమరీ యను పశువైద్యుడు 1921లో దీనిని మొదట వర్ణించెను. ఆఫ్రికాలో వార్ట్‌హాగు అను అడవిపందియందును, దాని బొరియలలో నుండు మెత్తని పిడుదులయందును ఇది తరతరములుగ కాపురముండియు ఆ పందికి జబ్బు చేయదు. మనము పెంచు పందియందు మాత్రము, దేహమును కాపాడవలసిన మాక్రోఫేజు కణములలోనే జొచ్చి, తీవ్రరూపమున దాదాపు నూటికి నూరింటిని రెండు మూడు వారములలోపల చంపును. 1957లో లిస్బనునకు విమానములలో మిగిలిన యెంగిలి తిండి ద్వారమున వచ్చినదనియు, 2007లో జార్జియాలోని పోతీ రేవున ఓడలనుండి దిగిన పారవేతల ద్వారమున వచ్చినదనియు శాస్త్రజ్ఞుల భావము. 2018 నాటికి చైనా చేరినది. సముద్రములను దాటుటకు దీనికి రెక్కలు లేవు, మనుష్యుడే మోసెను. దీని జన్యువులు నూటయేబదికి పైబడినవి; కవచమునందలి పి72 అను ప్రోటీనును నిర్మించు జన్యువును బట్టియే దీని జాతిభేదములను నిర్ణయింతురు. అన్ని జన్యువులలో ఐ177ఎల్ అనుదాని నొక్కదానిని అమెరికా శాస్త్రజ్ఞులు తొలగింపగా, చంపునట్టి వైరసే కాపాడునట్టి టీకా యైనది. 2022లో వియత్నాం దానికి అనుమతి నిచ్చినను, అది యెంత నిరపాయకరమను చర్చ సాగుచునేయున్నది. దీనినంతయు తలపోసినపుడు, ఈ విషము వైరసు స్వభావమున స్థిరముగ నున్నది కాదనియు, కూడరానివి కూడుటచే పుట్టినదనియు నాకు తోచుచున్నది. కూర్చినవాడు మనుష్యుడు గావున తొలి దోషము వానిదే.

మలి దోషము వధకు సంబంధించినది. యజ్ఞమునందలి పశువధను గూర్చి మన దార్శనికులు ఇట్టి విచారమునే శతాబ్దుల తరబడి సాగించిరి. హింస కూడదను నిషేధము సామాన్యము, పశువును వధింపుమను విధి విశేషము, విశేషము సామాన్యమును బాధించును గనుక విహితమైన వధ దోషమే గాదని మీమాంసకులు నిర్ణయించిరి. సాంఖ్యకారికలకు వ్యాఖ్య రచించిన వాచస్పతిమిశ్రుడు దీనికి సమ్మతింపలేదు. ఆ రెండు వాక్యములకు విరోధమే లేదని యాయన వాదము: వధ యజ్ఞమున కుపకరించునని యొకటి చెప్పుచున్నది, వధించినవానికి అనర్థము కలుగునని మరియొకటి చెప్పుచున్నది; రెండును నిజము కావచ్చును. ఆ దోషము స్వల్పము, ప్రాయశ్చిత్తముచే పోగొట్టుకొనదగినది. ప్రాయశ్చిత్తమును మరచితిమా, ప్రధానఫలము పండు వేళనే అదియు పండును.

ప్రభుత్వాజ్ఞను జూపి కార్యము ముగించు అధికారి తెలియకయే మీమాంసకుడగుచున్నాడు. నేను వాచస్పతి పక్షము వహింతును. వధ వలదని నేననను. ఈ రోగమునకు మందు లేదు, ఒక వాడలో వెనుకాడినచో మండలమంతయు నష్టపోవును. కాని అవసరమైనంత మాత్రమున అది నిర్దోషము కాజాలదు. బాధ తెలియకుండ చంపుట, కేంద్రరాష్ట్రములు చెరిసగము భరింపవలసిన నష్టపరిహారపు సొమ్మును జాగుచేయక పెంపకందారు చేతబెట్టుట, దయకు సంబంధించిన విషయములుగ గాక తీర్పవలసిన ఋణములుగ నాకు కనబడుచున్నవి. ఆ సొమ్ము అందునన్న నమ్మిక లేని పేదవాడు జ్వరము తగిలిన పందిని రాత్రికి రాత్రి అయినకాడికి అమ్ముకొనును. ఆ మాంసముతో వైరసు మరియొక ఊరు చేరును. వానిని నిందించుటకు నాకు నోరు రాదు.

ఆ ఋణమున మనకందరికిని వాటా కలదు. హోటళ్లలో మనము విడిచిన యెంగిలియే పందుల తొట్లకు జేరుచున్నది. 60 డిగ్రీల వేడిమిలో 20 నిమిషములుంచినచో ఈ వైరసు నశించును గనుక, ఆ కూడును బాగుగ మరగించి పోసినచో చాలును. కట్టెలకే గతిలేని యెరుకలవాడు ప్రతిదినము దానిని మరగించుటెట్లు? ఆ కూడును మరగించి యిచ్చు బాధ్యతను ఊరి పురపాలక సంఘములును, హోటలు యజమానులును వహింపవలెను. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువు యువకులు వ్యాధి రాకమునుపే ఆ వాడలకు బోయి, గుడిసె ముంగిట కూర్చుండి, రోగలక్షణములను వారి మాటలలోనే తెలుపవలెను. పందికి జ్వరము సోకినచో భయపడక యెవరికి కబురంపవలెనో, ఏ బరువునకెంత సొమ్ము ముట్టునో ముందుగనే చెప్పియుంచవలెను.