కరస్థలమున లింగమా? విల్లా?



లింగధారి యగు భక్తుడు ప్రతిదినము ఇష్టలింగమును వామకరస్థలమున నిలిపి పూజించును. విలుకాడు విల్లును పట్టునదియు సాధారణముగ ఎడమచేతనే. ఈ రెండు పనులును ఒకే చేతికి పొసగునా యనునది విచారింపవలసిన విషయము.

పామర్రు, ఉయ్యూరు ప్రాంతముల చెఱకుతోటలు, కాలువగట్ల తుప్పలు నక్కలకు దాపులు. చెఱకు కొఱికినదనియు, కోడిని ఎత్తుకొనిపోయినదనియు రైతునకు నక్కపై కోపము. నక్కకొమ్ము ఇంట నున్న సిరి కలుగునను మూఢనమ్మకము దానికి మఱియొక గండము. నక్కతోక త్రొక్కిన అదృష్టమను నానుడి గల నేలపై నక్కకు మాత్రము అదృష్టము కొఱవడినది! నిజమునకు అది పొలములలోని ఎలుకలను, పీతలను పట్టి తినును. కళేబరములను తిని ఊరి పొలిమేరను శుభ్రపఱచును. జీతము కోరని కావలి యది. కోళ్లగూటికి తలుపు బిగించుట, మేకపిల్లలను రాత్రివేళ దొడ్డిలో కట్టుట గృహస్థుని పని. ఆ పని మాని విల్లెక్కుపెట్టుట ధర్మము గాదు.

అమ్ము తగిలిన మృగము అన్నివేళల వెంటనే చావదు. నెత్తురోడుచు పొదలలో దూరును. వేటకాడు ఇల్లు చేరి నిద్రించువేళ అది చీకటిలో ఒంటరిగ మూలుగుచుండును. ఆ మూలుగు వినువాడు శివుడొక్కడే.

"తిన్నడు విలుకాడు కాడా? వేటమాంసమునే స్వామికి అర్పింపలేదా?" యని కొందఱు ప్రశ్నింతురు. నిజమే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కన్నప్ప కథను ద్విపదలో గానము చేసెను. కాని కథను సగములో ఆపరాదు. తిన్నడు తనకు తెలిసిన ఆహారమునే ముగ్ధభక్తితో సమర్పించెను. తెలిసి తప్పు చేయువానికి ఆ మౌగ్ధ్యము అండ కాజాలదు. కాళహస్తీశ్వరుని కంట నెత్తురు చూచిన క్షణమున అతని అమ్ము మృగమువైపు సాగలేదు. తన కన్నువైపే తిరిగెను. ఆ అడవిలో వేటాడినవారెందఱో. కన్నప్ప యైనవాడు ఒక్కడే. వేట అతనిని కన్నప్పను చేయలేదు; ఎదుటి నెత్తురును ఓర్వలేని హృదయము చేసినది.

బసవేశ్వరుడు తన వచనములలో సకలప్రాణులయెడ దయను ధర్మమునకు ఆధారముగ నిలిపెను. శివునకు పశుపతి యని పేరు. పశువనగా పాశబద్ధుడైన జీవుడు. ఆ లెక్కన నరుడును పశువే, నక్కయును పశువే, ఇరువురకును ప్రభువొక్కడే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు నక్కవేట నేరము; చంపుటకై చేసిన ప్రయత్నమును సైతము చట్టము వేటగానే ఎంచును. చట్టము చేతిని పట్టుకొనును. ధర్మము అంతకుముందే మనస్సును పట్టుకొనవలెను.

కావున భక్తులారా! చేనిగట్టున నక్క కనబడినప్పుడు అంబునకై చేయి చాపకముందు ఒక్కసారి ఆ ఎడమ అరచేతిని చూచుకొనుడు. ప్రాతఃకాలమున అందు కొలువుండినదెవరో జ్ఞప్తికి వచ్చును. ఆపై విల్లు దానంతట అదియే దిగును.

ఓం నమశ్శివాయ.