సంశయమున కవధి

సంశయము దోషము కాదు. గౌతముని న్యాయసూత్రములు చెప్పు పదునాఱు పదార్థములలో సంశయమొకటి, నిర్ణయము మఱియొకటి. సంశయమే లేనివాడు విచారణకు బూనుకొనడు. నిర్ణయమును అంగీకరింప నొల్లనివాడు విచారణను ముగింపడు. ఈ రెండవవాని స్థితి మిక్కిలి శోచనీయము. అట్టివాని నొకని నేనెఱుగుదును.

అతడు వివాహితుడు, విద్యావంతుడు. పనిమీద పొరుగూర నుండగా ఒకనాటి రాత్రి పరస్త్రీతో కూడెను, కండోము వాడలేదు. తెల్లవాఱినది మొదలు హెచ్.ఐ.వి. సోకినదేమో యను భీతి యతనిని బట్టుకొనెను. మొదటి 72 గంటలలో వైద్యుని యొద్దకు బోయినచో, 28 దినములు వాడవలసిన నివారణౌషధములు లభించెడివి. సిగ్గుచేత ఆ గడియలను పోగొట్టుకొనెను. నెల దినములకు రక్తపరీక్ష చేయించుకొనగా వ్యాధి లేదని తేలెను. 45 దినములకును, 90 దినములకును అట్లే తేలెను. ఐనను మనసు కుదుటపడలేదు. గొంతు నొచ్చినను, చెమట పట్టినను, ఒంటిపై పొక్కు లేచినను వ్యాధిచిహ్నమే యనుకొనెను. ఏడాదిలో తొమ్మిది పర్యాయములు పరీక్ష చేయించుకొని, తుదకు నాయొద్దకు వచ్చి, "పరీక్ష తప్పు చెప్పకూడదా?" యని యడిగెను.

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. ఈ రక్తపరీక్ష 1985లో వాడుకలోనికి వచ్చెను. మన దేశమున ఈ వ్యాధి మొదట 1986లో మద్రాసున కనిపెట్టబడెను. నాటినుండి పరీక్షలు మిక్కిలి మెఱుగుపడినవి. ఐనను వానికొక హద్దు కలదు. వైరసు దేహమున జొచ్చిన వెంటనే దాని జాడ రక్తమున దొరకదు. ఈ నడిమి కాలమును వైద్యులు విండో పీరియడ్ అందురు. వైరసు భాగమును, దాని నెదిర్చుటకు దేహము పుట్టించు యాంటీబాడీలను గూడ వెదకు ప్రయోగశాలా పరీక్ష సాధారణముగా 18 మొదలు 45 దినములలో సంగతి తేల్చగలదు. యాంటీబాడీలను మాత్రమే వెదకు పరీక్షకు 90 దినముల గడువు కావలెను. కావున మొదటి వారమున వచ్చిన "లేదు" అను మాటను నమ్మి నిశ్చింతగా నుండుట యవివేకము. గడువు తీఱిన పిమ్మట, నడుమ క్రొత్త సంపర్కమేదియు లేకుండగా వచ్చిన అదే మాటను నమ్మకుండుటయు నవివేకమే. ఉన్నదని తోచినప్పుడును ఒక్క పరీక్షతో నిశ్చయింపరు. వేఱువేఱు విధములైన మూడు పరీక్షలు ఏకీభవింపవలెను.

ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో సంశయమున కవధి చూపెను. నిప్పువలన పొగ పుట్టునో లేదో యని శంకించువాడును, పొగ కావలసినప్పుడు నిప్పునే వెదకును. వాని నడతయే వాని శంకను ఖండించుచున్నది. అట్టి వ్యాఘాతము కలిగినచోట సంశయము నిలువదు. మన మిత్రుని సంగతియు నిట్టిదే. పరీక్ష నమ్మదగినది కాదనును. ఆ యపనమ్మకమును పోగొట్టుకొనుటకు మరల నా పరీక్షకే పోవును. తొమ్మిదవది చెప్పినది నమ్మరానిదైనచో పదియవది చెప్పునది యెట్లు నమ్మదగును?

కొందఱియం దిట్టి భీతి నిజమైన మనోవ్యాధియై యుండును; వారు మానసికవైద్యుని జూచుట యుచితము, అందు సిగ్గుపడవలసినది లేదు. కాని ఇతనియందు వేఱొక కారణము కూడ కానవచ్చినది. అతడు రక్తమును రోగమును గూర్చి యడుగుటలేదు, తన పాపమును గూర్చి యడుగుచున్నాడు. తప్పు చేసితిని గనుక దండన రాక తప్పదనియు, రాకున్నచో పరీక్షయే తప్పనియు నతని తర్కము.

ఈ తర్కమును నేర్పినవారము మనమే. నీతిబోధకులము రోగమును పాపఫలముగా జూపి బాలురను బెదరించితిమి. భర్తవలన వ్యాధి సోకిన యిల్లాలు చేసిన పాపమేమి? తల్లి గర్భమున సోకిన శిశువు చేసినదేమి? తప్పుచేసి రోగము తప్పించుకొన్నవాడు పుణ్యాత్ముడగునా? వైరసు నీతి నెఱుగదు. వ్యాధి యున్నదనుట కళంకముద్ర కాదు. లేదనుట శీలపత్రిక కాదు. నేడు దినదినము మందు వాడుచు, రక్తమున వైరసు కానరానంతగా తగ్గించుకొన్నవారు దీర్ఘకాలము జీవించుచున్నారు; వారివలన సంగమముచేత ఇతరులకు వ్యాధి సోకదు. ప్రభుత్వాసుపత్రుల కేంద్రములలో పరీక్ష యుచితము. పరీక్షింపబడువాని సమ్మతిని, రహస్యమును 2017 నాటి చట్టము కాపాడుచున్నది. కావున సందేహము కలవాడు తప్పక పోవలెను, గడువు తీఱిన పిమ్మట ఫలితమును స్వీకరింపవలెను.

ఫలితము తేలువఱకు భార్యకు అపాయము కలుగకుండ ఎడముగా నుండుట యతని ధర్మము; అది చేసెను. కాని గడువు తీఱిన తరువాతను ఏదో యొక నెపముతో ఏడాదియంతయు ఎడముగనే యుండెను. ఆమె తనయందేదో లోపమున్నదని కుందుచున్నదట. ఇంత భయపడిన యతడు ఆమె దుఃఖమును గూర్చి యొక్కమాటైన నాతో ముందుగా చెప్పలేదు. భయము తన్ను జూచుకొనును. పశ్చాత్తాపము తనవలన నొచ్చినవారిని జూచును. ఏడాదిగా అతడు మొదటిదానిని రెండవదిగా భావించుచుండెను.

"పదియవ పరీక్ష వలదు. నీ సమాధానము ప్రయోగశాలలో లేదు, నీ యింటిలో నున్నది. నిజము చెప్పుము, ఆమె క్షమించునో లేదో ఆమె యిష్టము" అంటిని. అతడు చాలసేపు మాటాడక, "అంతకంటె పదియవ పరీక్షయే సులభమండీ" యనెను.

నిజమే, సులభమే. అందుచేతనే తొమ్మిది పరీక్షలును అతనికి చాలకపోయినవి. రక్తమునకు సంబంధించిన సంశయమును రక్తపరీక్ష తీర్చును. ఒకరికి చెప్పవలసిన సత్యమును చెప్పక దాచుటవలన కలిగిన కలత, ఆ సత్యమును చెప్పినగాని తీఱదు.