మతగోపనము ధర్మమా?

ప్రాణాపాయము గలిగినపుడు తన మతమును దాచికొనవచ్చునని షియా ధర్మశాస్త్రము సమ్మతించుచున్నది. దీనికి తఖియ్యా యని పేరు. తరతరములు హింసలపాలయిన వారికి రక్షణమైన యీ యనుజ్ఞను పిరికితనమని తూలనాడుటకు మా కిష్టము లేదు. అయినను భయ మెచట ముగిసి, సౌకర్య మెచట మొదలగునో నిర్ణయించువా రెవరు?

1549లో పారసీక దేశమందలి షూష్తరు పట్టణమున జనించి, హిందూదేశమునకు వచ్చిన ఖాజీ నూరుల్లా షూష్తరీ యీ ప్రశ్న నెదుర్కొనిన పండితుడు. అక్బరు ఆయనను లాహోరునకు ఖాజీగా నియమించెను. సున్నీల నాలుగు ధర్మశాఖలలో తన వివేచనకు దోచినదాని ననుసరించి తీర్పు చెప్పుదునను నియమముతో ఆయన యా పదవిని గైకొనెనని చెప్పుదురు. ఇది కపటమని మేము తలంపము. న్యాయాసనము స్వమతప్రచారమునకు వేదిక కాదు గదా! సున్నీమతమున మిక్కిలి పట్టుదల గల బదాయూనీ సయితము, ఆయన షియా యని యెఱిగియు, లాహోరున లంచములకు త్రోవ మూసిన న్యాయవర్తనుడని మెచ్చెను. బదాయూనీ మెప్పు సులభముగా లభించునది కాదు.

న్యాయశీలుడగు ప్రభువు నీడలో గోపన మనావశ్యకమని షూష్తరీ మతము. షియా పక్షమును సమర్థించుచు ఇహ్ఖాఖుల్ హఖ్ అను గ్రంథమును రచించెను. ప్రాణభయ మేమియు లేక, బంధువుల పంక్తి తప్పునను శంకచేతనే విశ్వాసమును దాచుకొనువారు తఖియ్యాను సాకుగా జెప్పికొనగలరా? ఆయనకు ఆ యనుజ్ఞ నిజముగా వర్తించెడిది. తన గ్రంథములయందు దానిని వాడుకొనలేదు. 1605లో అక్బరు గతించెను. 1610లో జహంగీరు ఏలుబడిలో షూష్తరీ మరణదండనము పొందెను. ఆయన సమాధి ఆగ్రాలో నున్నది. షియాలు నేటికిని దర్శించుచున్నారు.