సత్యానికి మూల్యం ఎవరు చెల్లించాలి?

సత్యమే పలకాలన్న విషయంలో మనలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. మన పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి మనం నేర్పుతున్నదీ అదే. కాని సత్యం పలికితే రేపు ఇంట్లో పొయ్యి వెలగదేమోనన్న భయం పట్టుకుంటే మనిషి ఏం చేయాలి? అతను నోరు మెదపకపోతే ఆ మౌనానికి బాధ్యుడు అతనొక్కడేనా?

ఈ ప్రశ్న అన్ని వృత్తుల్లోనూ ఉంది. విమానాలు నడిపే పైలట్ల విషయంలో మాత్రం అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఒక్కరి మౌనం వందల మంది ప్రాణాల మీదికి రావచ్చు.

చెప్పిన మాట చేరకపోతే...

పెద్ద ప్రమాదానికి ముందు అలాంటివే చిన్న పొరపాట్లు, త్రుటిలో తప్పిన గండాలు ఎన్నో జరిగి ఉంటాయి. చాలాసార్లు అవి పైలట్లకే తెలుస్తాయి. వారు చెబితేనే మిగిలినవారు జాగ్రత్తపడగలరు.

1974 డిసెంబరు 1న అమెరికాలోని వర్జీనియాలో టీడబ్ల్యూఏ సంస్థ విమానం కొండను ఢీకొని, అందులోని 92 మందీ మరణించారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు మరోలా అర్థం చేసుకుని, దిగకూడని ఎత్తుకు దిగిపోయారు. సుమారు ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి సరిగ్గా అదే పొరపాటు చేసి త్రుటిలో బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఇతర సంస్థల పైలట్లకు మాత్రం చేరలేదు.

ఈ గుణపాఠంతో 1976లో అమెరికా ఒక ఏర్పాటు చేసింది. పైలట్లు తమ పొరపాట్లను శిక్షించే అధికారులకు కాకుండా నాసాకు తెలియజేస్తారు. నాసా వారి పేర్లు తొలగించి, విషయాన్ని మాత్రమే అందరికీ అందిస్తుంది. తెలియక జరిగిన ఉల్లంఘనను 10 రోజుల్లోగా తెలియజేసినవారికి సాధారణంగా శిక్ష మినహాయిస్తారు. ఈ విధంగా లక్షల సంఖ్యలో నివేదికలు వచ్చాయి. భయం తొలగితే మనిషి నిజం చెబుతాడనడానికి ఇదే నిదర్శనం.

ఉపాధి భయం

అయితే ప్రభుత్వ శిక్ష ఒక్కటే భయం కాదు. యజమాని ఆగ్రహం, పోయే జీతం కూడా భయమే. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. ప్రమాద హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని దర్యాప్తు తేల్చింది. కాని విమానంలో రికార్డయిన సంభాషణ మరో విషయాన్ని కూడా బయటపెట్టింది. సహ పైలట్‌కు ఒంట్లో బాగాలేదు. ఇప్పుడు సెలవు పెడితే కోలుకునేదాకా హోటల్ ఖర్చు తానే భరించాలని ఆమె బయలుదేరే ముందు అనుకుంది. జబ్బుగా ఉన్నానని చెప్పడానికి కూడా ఖర్చు లెక్క చూసుకోవలసిన పరిస్థితి అది.

యూరప్‌లో కొందరు పైలట్లకు శాశ్వత ఉద్యోగం లేదు. వారు ఏజెన్సీల ద్వారా ఒప్పందం మీద పనిచేస్తారు. ఎగిరిన గంటలకే డబ్బు పొందేవారూ వారిలో ఉన్నారు. అలసిపోయానంటే ఆ రోజు కూలి పోతుంది. గట్టిగా మాట్లాడితే రేపటి పిలుపే రాకపోవచ్చు. 2016లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, యూరోకంట్రోల్ కలిసి 7,000 మందికి పైగా పైలట్లను ప్రశ్నించాయి. తమ అలసటను సంస్థ పట్టించుకోవడం లేదని సగం మందికి పైగా భావించారు.

నింద ఎవరిది?

“ఉపాధి ప్రదాత అల్లాహ్ కదా, భయమెందుకు?” అని కొందరు అనవచ్చు. ఆ మాట ముమ్మాటికీ సత్యం. ఆ విశ్వాసంతో ధైర్యం చేసేవారు ధన్యులు. కాని ఆ మాటను మన ధైర్యానికి వాడుకోవాలి. ఇతరుల కడుపు మీద కొట్టి, పైగా వారికే ఉపదేశించడానికి వాడుకోకూడదు. ప్రయాణికుల ప్రాణాలు పైలట్ చేతిలో అమానతు. అతని నిజాయితీ యజమాని చేతిలో అమానతు. నిజం చెప్పినవాణ్ణి పని నుంచి తొలగించే యజమాని ఒక్కరికే అన్యాయం చేయడు. చూస్తున్న పదిమంది నోళ్లూ మూయిస్తాడు. మౌనం వహించిన పైలట్ తన బాధ్యత నుంచి తప్పించుకోలేడు. కాని అధికారం ఎవరి చేతిలో ఎక్కువగా ఉంటే వారి జవాబుదారీ కూడా అంత ఎక్కువగా ఉంటుంది.

“ఇలా క్షమిస్తూ పోతే నిర్లక్ష్యం పెరగదా?” అని మరొక సందేహం. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన చట్టం ఈ గీతను స్పష్టంగా గీసింది. పొరపాటును స్వయంగా తెలియజేసినవారికి అది రక్షణ కల్పించింది. తెలిసి తప్పు చేసినవారికి, ఘోరమైన నిర్లక్ష్యానికి పాల్పడినవారికి ఆ రక్షణ వర్తించదు. క్షమ వేరు, అలసత్వం వేరు.

మనలో విమానాలు నడిపేవారు కొద్దిమందే ఉండవచ్చు. కాని మన కింద పనిచేసేవారు మనలో చాలామందికి ఉన్నారు. లారీ డ్రైవరు “రాత్రంతా నిద్ర లేదు, ఈ రోజు బండి తీయలేను” అంటే మనం ఏమంటున్నాం? కొట్లో కుర్రాడు “లెక్క నేనే తప్పు వేశాను” అని తానుగా వచ్చి చెబితే అతనికి మన దగ్గర దొరుకుతున్నదేమిటి? ఇంట్లో బిడ్డ నిజం ఒప్పుకున్న రోజే దెబ్బలు తింటుంటే వాడు మన దగ్గర నేర్చుకుంటున్నదేమిటి? సత్యం పలకమని బోధించడం సులభం. పలికినవాడికి నష్టం కలగకుండా చూడడం మన మీద ఉన్న రెండో బాధ్యత. దాన్ని విస్మరిస్తే మొదటి దాన్ని బోధించే హక్కు మనకు ఎక్కడిది?